మొదటి చిత్రికగా ఐదో నంబరు: ఏడాది వాడకం తర్వాత

ఇంట్లో ఒక గదినో, వరండాలో ఒక మూలనో చెక్కపనికి కేటాయించుకొని పనిముట్లు కొనడానికి సిద్ధపడినవారి జాబితాలో మొదట కనిపించేది సాధారణంగా కరెంటు రంపమో, డ్రిల్లు యంత్రమో అవుతుంది. చెక్కను పలుచని పొరలుగా కోసి చదును చేసే చిత్రిక ఆ జాబితాలో చివరన ఉంటుంది, లేదా అసలే ఉండదు. నేనూ అదే వరుసలో కొన్నాను. మొదట చేసిన పుస్తకాల అరలో పలకలు మెలి తిరిగి ఉన్నందువల్ల ఎంత బిగించినా ఒక మూల నేలకు ఆనలేదు. ఆ లోపాన్ని మరలతోనూ జిగురుతోనూ సరిచేయలేమని, పలకనే చదును చేయాలని అర్థమయ్యాక తక్కువ ధర తరగతికి చెందిన ఐదో నంబరు ఇనుప చిత్రికను కొన్నాను. ఏడాది పాటు దానితో ఒక పనిబల్ల, రెండు ముక్కాలి పీటలు, ఒక పనిముట్ల పెట్టె చేశాను, పాత అర పలకలను చదును చేశాను. తయారీదారు పేరు ఇక్కడ అవసరం లేదు. ఈ తరగతి చిత్రికల బలాలూ లోపాలూ చాలావరకు ఒకే చోట్ల ఉంటాయి.

ముందుగా ఆ నంబరు గురించి. ఇనుప చిత్రికలకు ఇప్పుడున్న రూపం అమెరికాలో లెనార్డ్ బెయిలీ రూపకల్పన నుంచి వచ్చింది. అతని పేటెంట్లను 1869లో పనిముట్లు తయారుచేసే స్టాన్లీ సంస్థ కొన్నది. ఆ సంస్థ పెట్టిన నంబర్లనే ఈనాటికీ ఇతర తయారీదారులు కూడా వాడుతున్నారు. నాలుగో నంబరు సుమారు 9 అంగుళాల పొడవుతో చివరి నునుపు పనికి, ఏడో నంబరు 22 అంగుళాల పొడవుతో అంచులను తిన్నగా చేయడానికి ఉద్దేశించినవి. ఐదో నంబరు ఈ రెండింటికీ మధ్యది: పొడవు 14 అంగుళాలు, బ్లేడు వెడల్పు 2 అంగుళాలు, బరువు రెండు కిలోలకు కాస్త ఎక్కువ. దీన్నే జాక్ చిత్రిక అంటారు. ఒకే చిత్రికతో పని మొదలుపెట్టాలనుకునేవారికి నేను దీన్నే సూచించడానికి కారణం ఆ మధ్యస్థ పొడవే. పలకలోని ఎత్తుపల్లాల మీద వాటిని అనుసరించి ఎగిరిపడనంత పొడవుగానూ, గంటసేపు తోసినా చేతులు పడిపోనంత తేలికగానూ ఉంటుంది.

పెట్టె విప్పగానే కోతకు పనికివచ్చే వస్తువు ఇది కాదు. కొనేవారు మొదటే తెలుసుకోవలసిన ముఖ్యమైన విషయం ఇదే. నాకు వచ్చిన దానిలో అడుగు భాగానికి స్టీలు కొలబద్దను ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే, నోటి దగ్గర, అంటే బ్లేడు బయటికి వచ్చే సందు దగ్గర, స్పష్టంగా లోతు కనిపించింది. బ్లేడు వెనుక వైపు గ్రైండింగు గీతలు లోతుగా ఉన్నాయి. బ్లేడు మీద బిగించే చిప్ బ్రేకర్ అనే ఇనుప రేకు అంచు బ్లేడుకు పూర్తిగా ఆనలేదు. నోటి అంచులు బరుకుగా ఉన్నాయి, పైగా ఇనుము తుప్పు పట్టకుండా పూసిన జిడ్డు ప్రతి మూలలోనూ పేరుకొని ఉంది. అలాగే తీసి పలక మీద తోస్తే అది కోయలేదు, గీరింది. ఎందరో కొత్తవారు సరిగ్గా ఈ దశలోనే చిత్రిక పట్టడం తమ వల్ల కాదనుకొని దాన్ని అటక మీద పెట్టేస్తారు. లోపం వారి చేతిలో లేదు. ఆ పనిముట్టు ఇంకా పూర్తి కాలేదు, అంతే. తక్కువ ధరకు ఇస్తున్నవారు చివరి మెరుగు పనిని కొన్నవారికి వదిలిపెట్టారు.

ఆ మెరుగు పనికి నాకు ఒక రోజు పట్టింది. మందపాటి గాజుపలకను చదునైన బల్ల మీద పరచి, దాని మీద 80 నంబరు ఉప్పుకాగితం అంటించి, చిత్రిక అడుగున స్కెచ్ పెన్నుతో అడ్డగీతలు గీసి, ముందుకూ వెనక్కూ తోశాను. ఈ పని చేసేటప్పుడు బ్లేడును లోపలికి లాగి ఉంచాలి గాని, తీసివేయకూడదు. బ్లేడును అదిమిపట్టే లీవర్ క్యాప్ బిగింపు వల్ల ఇనుప దేహం అతి స్వల్పంగా వంగుతుంది, వాడేటప్పుడు ఉండే ఆ స్థితిలోనే దాన్ని చదును చేయాలి. గీతలు ఎక్కడ చెరిగిపోతున్నాయో అక్కడ ఎత్తు ఉన్నట్లు, ఎక్కడ మిగిలాయో అక్కడ పల్లం ఉన్నట్లు తెలుస్తుంది. అడుగు మొత్తం అద్దంలా కావాలని పట్టుబట్టనక్కరలేదు. ముందు కొస, నోటికి సరిగ్గా ముందున్న భాగం, వెనుక కొస, ఈ మూడూ ఒకే సమతలంలో ఉంటే మధ్యలో మిగిలిన కొద్ది పల్లం పనికి అడ్డురాదు. నోటి ముందు భాగం మాత్రం తప్పనిసరిగా చెక్కకు ఆనాలి, ఎందుకంటే బ్లేడు నారను లేపే ముందు దాన్ని అణచిపెట్టేది అదే. 80 నంబరు తర్వాత 120, 220 నంబర్లతో ముగించాను.

బ్లేడు దగ్గర ఇంకా ఎక్కువ ఓపిక కావాలి. పదును అనేది రెండు తలాలు కలిసే గీత గనుక, ఏటవాలు వైపు ఎంత బాగా సాన పట్టినా వెనుక వైపు గీతలుంటే అంచు రంపపు పళ్లలా మిగిలిపోతుంది. కోసే అంచుకు వెనుక ఒక సెంటీమీటరు మేర మాత్రం చదును చేసుకుంటే సరిపోతుంది. ఏటవాలును 25 డిగ్రీలకు ఉంచి, కొసన సన్నని పట్టీలా 30 డిగ్రీలకు పదును పెట్టడం సాధారణ పద్ధతి. కోణం చేతితో నిలపడం అలవాటయ్యేవరకు చక్రం ఉన్న చిన్న గైడును వాడడంలో తప్పేమీ లేదు. 1000 నంబరు నీటి సానరాయి మీద వెనుక వైపున సన్నని బరుకు తేలేవరకు రుద్ది, 6000 నంబరు రాయి మీద నునుపు చేసి, చివరగా తోలు మీద నాలుగైదుసార్లు లాగితే ముంజేతి మీది వెంట్రుకలు గొరిగే పదును వచ్చింది. మొదటిసారి గంటకు పైగా పట్టిన ఈ పని ఇప్పుడు ఐదు నిమిషాల్లో అవుతోంది.

చాలామంది పట్టించుకోని భాగం చిప్ బ్రేకర్. బ్లేడు మీద మరతో బిగించి ఉండే ఈ ఇనుప రేకును పొట్టు అడ్డుపడకుండా చూసే భాగంగా మాత్రమే నేను మొదట భావించాను. నిజానికి ఎదురు నార ఉన్న చోట, అంటే చెక్క నార తోపుకు ఎదురుగా లేచి ఉన్న చోట, చెక్క పెచ్చులుగా లేవకుండా ఆపేది అదే. జపాన్‌లోని యమగాట విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్యులు కతో, కవాయిలు కోత జరుగుతున్నప్పుడు దగ్గర నుంచి చిత్రీకరించిన దృశ్యాలు ఈ విషయాన్ని కళ్లకు కట్టినట్లు చూపిస్తాయి: చిప్ బ్రేకర్ కొసను నిటారైన వాలుకు మలచి, కోసే అంచుకు మిల్లీమీటరులో పదో వంతు దూరంలో బిగిస్తే, లేస్తున్న పొరను అది వెంటనే ముందుకు వంచేస్తుంది; పొర విరిగిపోయేలోగా నార చీలిక బ్లేడుకు ముందుగా లోపలికి పాకే అవకాశం ఉండదు. నా చిప్ బ్రేకర్ అంచు కింది వైపును సానరాయి మీద బ్లేడుకు సందు లేకుండా ఆనేట్లు రుద్ది, కొసను సుమారు 50 డిగ్రీలకు మలిచాక, అంతకుముందు ఎటు తోసినా గరుకుగా లేచిన ఒక పలక మీది ముడి చుట్టూ ఉన్న చెక్క నునుపుగా వచ్చింది. ఖరీదైన చిత్రిక కొంటే గాని రాదని నేను అనుకున్న ఫలితం అది.

ఇక అసలు పని. గరుకు పలకను చదును చేయడానికి నేను రెండు బ్లేడ్లు ఉంచుకున్నాను. మొదటిదాని కోసే అంచును 8 అంగుళాల వ్యాసార్ధం ఉన్న వంపుగా మలిచాను. ఈ బ్లేడుతో చెక్క నార చారలకు అడ్డంగా తోస్తే మందపాటి పొట్టు ముక్కలుగా రాలుతుంది, దోనెలా వంగిన పలక మీది ఎత్తులు చూస్తుండగానే తగ్గిపోతాయి. ఒకే వెడల్పున్న రెండు తిన్నని కర్రలను పలక రెండు కొసల మీద అడ్డంగా నిలిపి, ఒకదాని పై అంచు మీదుగా రెండోదాన్ని చూస్తే మెలి ఎంత ఉందో, ఏ మూలలు ఎత్తుగా ఉన్నాయో తెలుస్తుంది. ఆ ఎదురెదురు మూలల మీదే చిత్రిక పట్టాలి. పలక అంతటా సమానంగా పడితే మెలి అలాగే ఉండి, మందం మాత్రం తగ్గుతుంది. తర్వాత దాదాపు తిన్నగా ఉండి, మూలలు మాత్రం కొద్దిగా గుండ్రం చేసిన రెండో బ్లేడును బిగించి, చారల వెంట పలుచని పొరలు తీస్తే ముఖం సిద్ధమవుతుంది. బ్లేడు మార్చి సరిచేసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. ఈ పనికి వేరువేరు చిత్రికలు ఉంటే మంచిదే, కాని ఒక్క దేహంతో రెండు పనులూ జరుగుతాయి.

అంచుల విషయంలో ఒక హద్దు ఉంది. చిత్రిక పొడవుకు రెట్టింపు వరకు, అంటే 28 అంగుళాల దాకా ఉన్న అంచులను ఇది సులువుగా తిన్నగా చేస్తుంది. అంతకు మించిన వాటిని, ఉదాహరణకు పనిబల్ల పైపలకలను జిగురుతో కలపడానికి, ప్రతి రెండు తోపులకు ఒకసారి కొలబద్ద ఆనించి చూసుకుంటూ చేయవలసి వచ్చింది. చెక్క కొసలను లంబంగా సరిచేసే షూటింగ్ బోర్డు మీద మాత్రం దీని బరువు నిజమైన వరం. పక్కకు పడుకోబెట్టి తోసినప్పుడు ఆ బరువే కోతను పూర్తి చేస్తుంది. అయితే నా చిత్రిక పక్క గోడ అడుగుకు సరిగ్గా లంబంగా లేదని మూలమట్టం పెట్టి చూశాక తెలిసింది. బ్లేడును పక్క మీటతో కొద్దిగా వంచి ఆ తేడాను సరిపుచ్చుకున్నాను.

మెరుగు పనితో పోని లోపాలూ ఉన్నాయి. లోతు సరిచేసే ఇత్తడి చక్రాన్ని వెనక్కు తిప్పినప్పుడు ఒకటిన్నర చుట్టు దాకా ఏమీ జరగదు. అందువల్ల బ్లేడును ఎప్పుడూ లోపలికి ఎక్కువగా లాగి, తర్వాత ముందుకు తిప్పుతూ కావలసిన లోతుకు తేవాలి. లేకపోతే నాలుగు తోపుల తర్వాత బ్లేడు దానంతటదే వెనక్కు జారి కోత ఆగిపోతుంది. వెనుక పిడి చెక్కది, దాని అంచులు అరచేతికి ఒత్తుకొని మొదటి వారంలోనే బొబ్బ తెచ్చాయి. ఆకురాయితోనూ ఉప్పుకాగితంతోనూ గుండ్రం చేసి నూనె పట్టించాక అది చేతిలో ఒదిగింది. పొడి వాతావరణంలో చెక్క కుంచించుకుపోయి పిడి కదలడం మొదలవుతుంది, అప్పుడు లోపలి మరను బిగించాలి. అన్నిటికన్నా పెద్ద లోటు బ్లేడు ఉక్కులో ఉంది: గట్టి చెక్క మీద అరగంటకు ఒకసారి సానరాయి దగ్గరకు వెళ్లవలసిందే. ఎనిమిది నెలలకు ఏ2 అనే పనిముట్ల ఉక్కుతో చేసిన మందపాటి బ్లేడు కొని వేశాను. అది పదునును స్పష్టంగా ఎక్కువసేపు నిలుపుతోంది, అయితే పదును పెట్టడానికీ ఎక్కువ సమయమే తీసుకుంటోంది. పాత బ్లేడు వృథా కాలేదు, వంపు తీర్చి గరుకు పనికి వాడుతున్నది దాన్నే.

దీనికి బదులుగా రెండింటిని పరిశీలించాను. బ్లేడును 12 డిగ్రీల వాలులో, ఏటవాలు వైపు పైకి ఉంచి బిగించే తక్కువ కోణపు జాక్ చిత్రికలో భాగాలు తక్కువ, సరిచేయడం సులువు. 25 డిగ్రీల బ్లేడుతో కోత కోణం 37 డిగ్రీలే గనుక చెక్క కొసలను చక్కగా కోస్తుంది. కాని దానిలో చిప్ బ్రేకర్ ఉండదు. ఎదురు నారను అణచడానికి ఎక్కువ కోణంతో పదును పెట్టిన వేరే బ్లేడు కావాలి, అప్పుడు తోయడానికి బలం కూడా ఎక్కువ కావాలి. చేతితో పట్టే కరెంటు చిత్రిక వేగంలో సాటిలేనిది, కాని పలక మొదట్లోనూ చివరలోనూ గుంట చేస్తుంది. దాని మోత మూసిన గదిలో భరించడం కష్టం, అది విసిరే దుమ్ము గదంతా నిండుతుంది. చెక్క దుమ్మును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. చేతి చిత్రిక నుంచి రాలేది గాలిలో తేలని పొట్టు, చీపురుతో ఊడ్చేస్తే పోతుంది. నివసించే ఇంట్లోనే పనిచేసేవారికి ఇది చిన్న సంగతి కాదు.

చిత్రికతో పాటే సానరాళ్లు, గైడు, ఒక మూలమట్టం కొనాలి. ఆ ఖర్చును మొదటే లెక్కలో వేసుకోకుండా చిత్రిక ఒక్కటే కొంటే అది రెండో రోజుకే మొద్దుబారి కూర్చుంటుంది. పనిబల్ల కదలకూడదు. నాది తేలికైనది కావడంతో గోడకు ఆనించి, తోసే దిశ గోడవైపు ఉండేట్లు పెట్టుకున్నాను. పలక జారకుండా బల్ల చివర ఒక అడ్డుపట్టీ బిగించాను, అంతకు మించిన బిగింపు చాలా పనుల్లో అవసరం పడలేదు. కొవ్వొత్తితో చిత్రిక అడుగున రెండు గీతలు గీస్తే తోపు ఎంత తేలికవుతుందో ఒకసారి చేసి చూసినవారు ఇక మానరు. పని ముగిశాక నూనె గుడ్డతో తుడవడం మరిచిన ఒక్క వారానికే నా చిత్రిక పక్కలకు తుప్పు మచ్చలు వచ్చాయి.

ఒక రోజంతా ఉప్పుకాగితం మీద రుద్దే ఓపిక లేనివారు, లేదా వెంటనే మొదలుపెట్టవలసిన పని చేతిలో ఉన్నవారు, దీన్ని కొనవద్దు. అడుగు చదును చేసి, బ్లేడు సిద్ధం చేసి ఇచ్చే మేలైన తయారీదారుల ఐదో నంబరు కొంటే పెట్టిన ఖర్చు ఆ ఒక్క రోజులోనే తిరిగి వస్తుంది. సమయం ఉండి డబ్బు పరిమితంగా ఉన్నవారికి మాత్రం నేను ఈ తరగతి చిత్రికనే నిస్సంకోచంగా సూచిస్తాను. నేల మీద నిలవని ఆ మొదటి అరను నిరుడు విప్పి, పలకలన్నిటినీ దీనితోనే చదును చేసి మళ్లీ బిగించాను. ఇప్పుడు దాని నాలుగు మూలలూ నేలకు ఆనుతున్నాయి, కింద కాగితం ముక్క పెట్టనక్కరలేదు.