కోవర్కింగ్ స్థలంలో చేరే ముందు అక్కడ ఫోన్లు ఎలా మాట్లాడుతున్నారో చూడండి

హైదరాబాద్‌లో కొన్నేళ్లుగా కోవర్కింగ్ స్థలాల్లోనే, అంటే వేర్వేరు సంస్థలవాళ్లు అద్దె కట్టి ఒకే హాలులో కూర్చుని పని చేసుకునే చోట్లలోనే, నా పని సాగుతోంది. మొదట మాదాపూర్, తర్వాత కూకట్‌పల్లి, ఇప్పుడు కొండాపూర్. వృత్తి చార్టర్డ్ అకౌంటెన్సీ. చిన్న వ్యాపారుల లెక్కలు, జీఎస్టీ రిటర్నులు, ఆదాయపు పన్ను నోటీసులకు జవాబులు నా రోజువారీ పని. కుర్చీలు, కాఫీ, వైఫై వేగం విషయంలో ఈ మూడు చోట్లా నాకు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తేడా అంతా అక్కడి మనుషులు ఒకరితో ఒకరు మెలిగే తీరులో ఉంది. అందుకే ఈ సమీక్షను దానికే కేటాయిస్తున్నాను.

మామూలు ఆఫీసులో ఎవరైనా శ్రుతి మించితే చెప్పడానికి పైఅధికారి ఉంటారు. ఇక్కడ నా పక్క కుర్చీలో కూర్చునే ఆయనది ఒక కంపెనీ, ఎదురుగా ఉన్న అమ్మాయిది బెంగళూరు సంస్థ, వెనక క్యాబిన్‌లో కొందరు కుర్రాళ్లు కలిసి ఏదో యాప్ తయారు చేస్తున్నారు. ఎవరికీ ఎవరి మీదా అధికారం లేదు. అద్దె అందరూ కడుతున్నారు. 2005లో శాన్ ఫ్రాన్సిస్కోలో బ్రాడ్ న్యూబర్గ్ అనే ప్రోగ్రామర్ ఈ తరహా స్థలాన్ని మొదలుపెట్టింది సొంతంగా పని చేసుకునే స్వేచ్ఛా, నలుగురి తోడూ ఒకేచోట దొరకాలని. నా అనుభవంలో ఆ రెండింటికీ ఎక్కువగా గొడవ వచ్చేది ఫోను దగ్గరే.

పక్కన ఇద్దరు ముచ్చటించుకుంటుంటే కాసేపటికి అలవాటైపోతుంది. ఒక్కరే ఫోనులో మాట్లాడుతుంటే మాత్రం ఎంత ప్రయత్నించినా చెవి అటే పోతుంది. దీనికి కారణం ఉంది. 2010లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. సంభాషణ రెండువైపులా వినిపించినప్పటి కంటే ఒకవైపు మాటలే వినిపించినప్పుడు, ఏకాగ్రత కావలసిన పనుల్లో జనం ఎక్కువ తడబడ్డారు. తర్వాతి మాట ఏమిటో ఊహించలేకపోవడం వల్ల మెదడు ఆ సగం సంభాషణను వదిలిపెట్టలేదని వాళ్ల వివరణ. బ్యాంకు స్టేట్‌మెంటును పుస్తకాల్లోని లెక్కతో సరిచూసేటప్పుడు పక్కనుంచి ‘అవును... కాదు... ఎంత? అంతేనా?’ అని వినపడితే నేను మళ్లీ పైవరుస నుంచి మొదలుపెట్టాలి. చుట్టూ మోత పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచ్ వైద్యుడు ఎతియెన్ లొంబార్ 1911లోనే రాశాడు. ఒకరు గొంతు పెంచితే రెండోవారు పెంచుతారు, సాయంత్రానికి హాలంతా అదే వరుస. బయటి చప్పుడు వినపడనివ్వని హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవారికి తమ గొంతు ఎంత పెరిగిందో తమకే తెలియదు. మాట్లాడేటప్పుడు ఒక చెవి ఖాళీగా ఉంచుకుంటే సగం సమస్య తీరుతుంది.

సాయంత్రం అన్నాను కదా, హైదరాబాద్‌లో అది ప్రత్యేకమైన సమయం. మనకూ న్యూయార్క్‌కూ వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు తేడా. ఇక్కడ సాయంత్రం ఏడవుతుంటే అక్కడ ఆఫీసులు తెరుస్తారు. పగలంతా ప్రశాంతంగా ఉన్న స్థలం ఆ వేళకు మారిపోతుంది. పగలు పదకొండింటికి వచ్చి చూసి, నిశ్శబ్దంగా ఉందని అడ్వాన్సు కట్టి వెళ్లినవాళ్లు తర్వాత బాధపడడం చూశాను. ఒక్కరోజుకు డబ్బు కట్టి కూర్చునే డే పాస్ తీసుకుంటే సాయంత్రం ఎనిమిది దాకా ఉండి చూడండి.

శబ్దం కంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆ ఫోన్లలో బయటపడే సమాచారం. నెలనెలా జీఎస్టీ రిటర్ను వేసేవారికి జీఎస్టీఆర్-3బీ అనే ఆ రిటర్ను గడువు 20వ తేదీ. ఆ ముందు రోజుల్లో నాకు క్షణం తీరిక ఉండదు. వ్యాపారి ఫోనుకు వచ్చిన ఓటీపీ ఆయన నాకు చెప్పాలి, నేను పోర్టల్‌లో వేయాలి. ఆయన అమ్మకాలెంత, ఎవరికి ఎంత బాకీ ఉన్నాడు, ఏ బిల్లుకు పన్ను కట్టలేదు, అన్నీ ఆ ఫోనులోనే నడుస్తాయి. 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం రెండో షెడ్యూలు ప్రకారం క్లయింటు సమాచారాన్ని అతని అనుమతి లేకుండా ఇతరులకు చెప్పడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన. అందుకని అలాంటి ఫోను వస్తే తలుపు మూసుకునే చోటు దొరికేదాకా నేను మాట్లాడను. అయితే నా చుట్టూ పాన్ నంబర్లు, జీతాలు, ఎవరిని ఉద్యోగం నుంచి తీసేయబోతున్నారో ఆ పేర్లు కూడా స్పీకర్ మీద వినిపిస్తుంటాయి. తమ వివరాలు ముక్కూముఖం తెలియని మేం వింటున్నామని ఆ అవతలివారికి తెలియదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ప్రింటరు సంగతీ అంతే. ట్రేలో ఫారం 16లు, అద్దె ఒప్పందాలు, ఆధార్ నకళ్లు గంటల తరబడి పడి ఉంటాయి. మీటింగ్ రూములో బోర్డు మీద నిన్నటివారి ధరల లెక్కలు ఈరోజు వచ్చినవారికి కనిపిస్తాయి. గది వదిలేముందు బోర్డు తుడవడానికి అర నిమిషం పట్టదు.

మనుషులకు మర్యాద తెలిసినా స్థలం సహకరించాలి. మాదాపూర్‌లో నేనున్న చోట పెద్ద హాలుకు రెండే ఫోన్ బూత్‌లు, అంటే తలుపు మూసుకుని ఫోను మాట్లాడుకునే చిన్న గదులు. వాటిలో ఒకదాన్ని ఒకాయన సొంత గది చేసుకున్నాడు, ఉదయం ల్యాప్‌టాప్ పెడితే సాయంత్రం దాకా తీయడు. ఫిర్యాదు చేస్తే గోడకు ‘దయచేసి నెమ్మదిగా మాట్లాడండి’ అని కాగితం అంటించారు. మాట్లాడే చోటు ఇవ్వకుండా మాట్లాడవద్దని చెబితే ఎవరు వింటారు? కొండాపూర్‌లో హాలును రెండు భాగాలు చేశారు. కిటికీల వైపు ఫోను మోగకూడదు, ప్యాంట్రీ వైపు ఎంతైనా మాట్లాడుకోవచ్చు. అన్నిటికంటే పెద్ద వరం సభ్యుల బాగోగులు చూసుకునే ఇక్కడి కమ్యూనిటీ మేనేజరు. ఎవరైనా నిశ్శబ్దపు వైపు కూర్చుని ఫోను ఎత్తితే ఆమె నోటీసు చూపించదు. దగ్గరికి వెళ్లి, ‘సర్, అటువైపు బూత్ ఖాళీగా ఉంది, అక్కడైతే మీకు సౌకర్యంగా ఉంటుంది, రండి’ అని తలుపు తీసి పెడుతుంది. ఎవరూ చిన్నబుచ్చుకోగా నేను చూడలేదు. తోటి సభ్యులకు నేరుగా చెప్పాల్సి వచ్చినప్పుడు నేనూ ఆ పద్ధతే నేర్చుకున్నాను.

కూకట్‌పల్లిలో సమస్య వేరు. అక్కడ అన్నీ హాట్ డెస్కులే, ముందొచ్చినవారిదే కుర్చీ. కొందరు తొమ్మిదింటికే వచ్చి, కిటికీ పక్క కుర్చీలో బ్యాగు పెట్టి, టిఫిన్‌కు వెళ్లి పదకొండున్నరకు వచ్చేవారు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకోవడం లాంటిదే ఇది. బస్సులో ఐదు నిమిషాల్లో మనిషి ఎక్కుతాడు కాబట్టి జనం ఊరుకుంటారు, ఇక్కడ పూట గడిచిపోతుంది. అరగంటకు మించి లేస్తే సామాను తీసుకెళ్లాలన్న నియమం ఒప్పందంలో ఉంది. దాన్ని అమలు చేసే మనిషే లేరు. నేను అక్కడి నుంచి వచ్చేయడానికి అదొక కారణం.

తిండి గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. ఒకచోట మైక్రోవేవ్ మీద ‘శాకాహారం మాత్రమే’ అని అంటించి, మాంసాహారానికి వేరే ఏర్పాటేదీ చేయలేదు. దాన్ని మర్యాద అనడం నాకు ఇష్టం లేదు. చేపల పులుసు తెచ్చుకున్న మనిషి కూడా అదే అద్దె కడుతున్నాడు. రెండు మైక్రోవేవ్‌లు పెట్టి, ప్యాంట్రీలో గాలిని బయటికి లాగే ఫ్యాను బిగిస్తే సరిపోయే విషయానికి ఒక మనిషిని తన భోజనం గురించి సిగ్గుపడేలా చేయకూడదు. మనం పాటించాల్సింది ఒక్కటే: ఏ కూరైనా సరే, పని బల్ల దగ్గర తినకూడదు. గిన్నెలు మనమే కడిగి పెట్టాలి. ప్యాంట్రీలో పని చేసే ఆమెను పేరుతో, ‘గారు’ చేర్చి పిలిచేవారు మా అంతస్తులో ఇప్పుడు చాలామందే ఉన్నారు. చిటికె వేసి పిలిచే అలవాటు మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు.

ఇక పరిచయాల సంగతి. నా వృత్తి నియమాల ప్రకారం నేను పని కోసం ఎవరినీ అభ్యర్థించకూడదు, కాబట్టి నేనుగా ఎవరి బల్ల దగ్గరికీ కార్డు పట్టుకుని వెళ్లను. అటునుంచి వచ్చేవారు మాత్రం ఎక్కువ. ‘ఒక్క చిన్న డౌటండీ’ అని మొదలైతే పాత ఇంటి అమ్మకం మీద పన్ను దాకా పోతుంది. భోజనాల దగ్గర పది నిమిషాలు ఎవరికైనా సంతోషంగా చెబుతాను, నాకూ వెబ్‌సైటు విషయంలో వాళ్లు అలాగే సాయం చేశారు. కాగితాలు చూడాల్సిన పనైతే ఫీజు చెబుతాను. చెవిలో హెడ్‌సెట్ ఉన్న మనిషి భుజం తట్టి అడగడం మాత్రం ఎంత చనువున్నా తప్పే. చిన్న సందేశం పంపితే ఖాళీ చూసుకుని వాళ్లే వస్తారు.

ఇప్పుడున్న చోట నా డెస్కుకు నెలకు ఎనిమిది వేలు, పైన 18 శాతం జీఎస్టీ. కూకట్‌పల్లి కంటే ఎక్కువే, అయినా ఇస్తున్నాను. మీరు చూడడానికి వెళ్లినప్పుడు బూత్‌లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి, వాటిలో ఎవరైనా కాపురం పెట్టారేమో గమనించండి. ఆఖరుసారి ఫిర్యాదు వచ్చినప్పుడు ఏం చేశారని మేనేజరును అడగండి. నోటీసు పెట్టామంటే ఆలోచించుకోండి, వెళ్లి మాట్లాడామంటే ధైర్యంగా చేరండి. నా పదకొండు నెలల ఒప్పందం ఈ నెలాఖరుకు ముగుస్తుంది. మళ్లీ రాయించుకుంటున్నాను, రెండో బూత్ తలుపు సరిగా పడేలా బాగుచేయించాలన్న షరతుతో.