రెండో గేరు ఒక్కటి తప్ప

ఈ కారు మీద నాకున్న కోపమంతా రెండో గేరు మీదే. ఇంజిన్ మీద లేదు, సస్పెన్షన్ మీద లేదు, మైలేజీ మీద అసలే లేదు. వాటి గురించి అందరూ రాసేశారు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. చిన్న పెట్రోల్ హాచ్‌బ్యాక్, ఐదు గేర్ల మాన్యువల్, ఇంజిన్ బలం ముందు చక్రాలకు వెళ్లే రకం. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఇలాంటి గేర్‌బాక్స్ ఉన్న ఏ కారుకైనా ఈ జబ్బు రావచ్చు.

కొన్న కొత్తలో రాసినప్పుడు గేర్‌బాక్స్‌ను తెగ పొగిడాను. రెండు వేళ్లతో నెడితే గేరు పడుతుందన్నాను, రాడ్డు పొట్టిగా ఉండటంతో మణికట్టు కదిపితే చాలన్నాను. ఆ మాటలు వెనక్కి తీసుకోను. కాకపోతే బండి వేడెక్కాక, మూడు, నాలుగు, ఐదు గేర్లకు మాత్రమే అని చేర్చుకుని చదవండి.

నేను నడిపే తీరు కూడా చెప్పాలి. ఖాళీ రోడ్డు దొరికితే ఇంజిన్‌ను పైదాకా తిప్పుతాను. ఈ కారు కొన్నదే అందుకు. ఇంజిన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందో చూపే మీటర్లో ఎర్ర గీత 6500 దగ్గర మొదలవుతుంది, ఇంజిన్‌లో హుషారు 4500 దాటాకే వస్తుంది. కింద కింద నడపడానికైతే ఇంకా చవకైన బండ్లు బోలెడున్నాయి. అలాగని సిగ్నల్ పడగానే క్లచ్ టప్పున వదిలేసి టైర్లు అరిపించే అలవాటు నాకు లేదు. అది వేరే రకం మొరటుతనం. ఆ కుదుపు దెబ్బ చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్టులకు, బలాన్ని రెండు చక్రాలకూ పంచే డిఫరెన్షియల్‌కు, ఒక్కోసారి గేరు పళ్లకే తగులుతుంది.

మొదట వినిపించింది చిన్న కిర్రుమనే శబ్దం. పొద్దున బండి తీశాక ఫస్ట్ నుంచి సెకండ్‌కు మార్చేటప్పుడు మాత్రమే వచ్చేది. కాసేపు తిరిగాక పోయేది. చలికి నూనె చిక్కబడి ఉంటుందిలే అనుకునేంత చిన్నది. కొన్ని నెలలకు వేడెక్కిన బండిలోనూ మొదలైంది, అదీ థర్డ్ నుంచి సెకండ్‌కు దించేటప్పుడు. ఆ తర్వాత ఒక దిగుడు రోడ్డు మీద సెకండ్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలానో లేదో, గేరు దానంతటదే ఊడి న్యూట్రల్‌కు వచ్చేసింది. ఇంజిన్ బ్రేకింగ్‌ను, అంటే గేరులో ఉన్న ఇంజినే బండిని పట్టి ఉంచడాన్ని, నమ్ముకుని దిగుతున్నప్పుడు బండి ఒక్కసారిగా వదులైపోతే ఎంత టెన్షన్ వస్తుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. మలుపు ఇంకా దూరంలో ఉంది, బ్రేకులు బాగున్నాయి, అంతే నా అదృష్టం.

సర్వీస్ సెంటర్‌లో మొదటిసారి క్లచ్ సరిచేశామన్నారు. రెండోసారి క్లచ్ ఫ్లూయిడ్ మార్చారు. క్లచ్ కాదని అప్పటికే నాకు అనుమానం. క్లచ్ పూర్తిగా విడవకపోతే అన్ని గేర్లూ ఇబ్బంది పెడతాయి, ముఖ్యంగా రివర్స్. చాలా కార్లలో రివర్స్‌కు సింక్రో, అంటే గేరు పడే ముందు వేగాలు కలిపే ఏర్పాటు, ఉండదు కాబట్టి క్లచ్ లోపం ముందు అక్కడే బయటపడుతుంది. నా బండిలో రివర్స్ చడీచప్పుడు లేకుండా పడేది. గోలంతా సెకండ్ ఒక్కదానిదే. ఒక్క గేరే గోల చేస్తుంటే చూడాల్సింది క్లచ్‌ను కాదు, ఆ గేరు సింక్రోను. ఈ మాట కౌంటర్లో ఉన్నాయనకు చెబితే "మీరు కొంచెం స్పీడుగా నడుపుతారా సార్?" అని అడిగాడు. ఆ ప్రశ్న ఎటు పోతుందో నాకు వెంటనే అర్థమైంది.

సింక్రో పని తెలిస్తే నా కోపం సగమైనా అర్థమవుతుంది. బాక్స్ లోపల ముందుకు నడిపే గేర్లన్నీ ఎప్పుడూ తమ జోడీ గేర్లతో కలిసే ఉంటాయి. మనం రాడ్డు కదిపినప్పుడు జరిగేది షాఫ్టుతో పాటు తిరిగే స్లీవ్. అది జరిగి గేరు పక్కనున్న చిన్న పళ్లను పట్టుకుంటుంది. రెండూ వేర్వేరు వేగాల్లో తిరుగుతుంటే పళ్లు కలవవు, రాసుకుంటాయి. కదిలే బస్సు ఎక్కేవాడు ముందు దాని పక్కన పరుగెత్తి వేగం కలుపుకుంటాడు చూడండి, మధ్యలో ఉండే ఇత్తడి రింగు చేసేది ఆ పనే. గేరు మీద శంకువు ఆకారంలో ఉండే కోన్‌ను ఒరుసుకుని వేగాలు కలుపుతుంది. కలిసేదాకా స్లీవ్‌ను ముందుకు పోనివ్వకుండా అడ్డం నిలబడుతుంది. అందుకే రాడ్డును ఎంత గట్టిగా నెట్టినా మంచి బాక్స్‌లో గేరు ఒక్క క్షణం ఆగి పడుతుంది. ఆ క్షణం కూడా ఇవ్వకుండా గుద్దితే రింగు మీద ఒత్తిడి పెరుగుతుంది. అరిగిన రింగైతే ఇక అడ్డుకోలేదు, స్లీవ్ దాన్ని దాటేసి పళ్లను గుద్దుతుంది.

మరి సెకండే ఎందుకు? లెక్క వేసి చూస్తే తెలిసింది. మొదటి గేరు నిష్పత్తి 3.5, రెండోది 1.9 అనుకుందాం. 6500 దగ్గర మారిస్తే క్లచ్ ప్లేటు, దాని నుంచి బాక్స్‌లోకి వెళ్లే ఇన్‌పుట్ షాఫ్టు, వాటితో తిరిగే గేర్లు అన్నీ సుమారు 3500కు దిగాలి. అంటే రింగు చెరిపేయాల్సిన తేడా 3000. అదే నాలుగో గేరు 1.0, ఐదోది 0.8 అయితే 6500 నుంచి 5200కు దిగితే చాలు, తేడా 1300. ఇప్పుడు నెమ్మదిగా నడిపేవాణ్ని తీసుకోండి. అతను 2500 దగ్గర సెకండ్ వేస్తే తేడా సుమారు 1150. నా తేడా అతని తేడాకు రెండున్నర రెట్లు పైనే. రాపిడిలో పుట్టే వేడి మాత్రం ఆ తేడా వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి దాదాపు ఏడు రెట్లవుతుంది. కంపెనీలకు ఇది తెలియక కాదు. కింది గేర్లకు రాపిడిని పంచుకునేలా రెండు మూడు కోన్‌ల సింక్రోలు పెట్టిన కార్లు చాలా ఉన్నాయి. నా కారులో రెండో గేరుకు ఒకే కోన్ ఉంది. బాక్స్ విప్పాక కళ్లారా చూశాను.

విప్పింది సర్వీస్ సెంటర్ కాదు. అక్కడ అరుగుదల వారంటీలోకి రాదన్నారు, బాక్స్ మొత్తం మార్చుకోవడమే మేలన్నారు. బయట గేర్‌బాక్స్ పనులే చేసే ఒక మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన బాక్స్ దించే ముందు నూనెను వెడల్పాటి ట్రేలోకి వదిలి లైటు పట్టాడు. బంగారు రంగు పొడి మిలమిలలాడింది. డ్రెయిన్ బోల్టుకుండే అయస్కాంతం మీద మాత్రం మామూలు బూడిదరంగు మడ్డి తప్ప ఏమీ లేదు. "అయస్కాంతం చూసి బాగుందనుకుంటారు సార్, ఇత్తడి దానికి అంటదు కదా" అన్నాడు. నేనూ అప్పటిదాకా ఆ సంగతి ఆలోచించలేదు.

లోపల నేను ఊహించింది వేరు, కనిపించింది వేరు. అసలు గేరు పళ్లు కొత్తవాటిలా ఉన్నాయి. ఇన్నేళ్లూ ఎర్ర గీత దాకా లాగినా వాటికి ఏమీ కాలేదు. రింగు లోపలివైపు మరల్లాంటి సన్నని గీతలుంటాయి. నూనె పొరను కోసి కోన్‌ను పట్టుకోవడానికి అవే ఆధారం. నా రింగులో అవి నున్నగా అరిగిపోయాయి. రింగును కోన్ మీద పెట్టి నొక్కితే గేరుకు, రింగుకు మధ్య కొంచెం సందు మిగలాలి. అది దాదాపు లేదు. చిన్న పళ్ల మొనలు గుండ్రబడ్డాయి. ఆ పళ్లు స్లీవ్‌ను జారనివ్వకుండా కొద్దిగా ఏటవాలుగా కోసి ఉంటాయట. ఆ వాలు అరిగిపోవడం వల్లే దిగుడులో గేరు ఊడింది. రింగు ఒక్కటి మారిస్తే సరిపోయే దశ ఎప్పుడో దాటిపోయింది. రెండో గేరు, స్లీవ్, అది జరిగే హబ్ కూడా మార్చాల్సి వచ్చింది. విప్పాం కదా అని బేరింగులు, సీళ్లు కూడా మార్పించాను. రింగు ధర ఈ బిల్లులో ఒక మూలన ఉంటుంది. మిగతాదంతా బాక్స్ దించి, విప్పి, మళ్లీ ఎక్కించే పనిదే.

ఒక మంచి సంగతి కూడా బయటపడింది. క్లచ్ ప్లేటు ఇంకా చాలా మిగిలి ఉంది. హార్డ్ డ్రైవింగ్ అనగానే అందరూ ముందు క్లచ్ పోతుందంటారు. క్లచ్‌ను తినేది వేగం కంటే హాఫ్ క్లచ్. ట్రాఫిక్‌లో పెడల్ మీద కాలు ఉంచి పాక్కుంటూ పోయేవాళ్లకు, ఎత్తు మీద బ్రేక్ వేయకుండా క్లచ్ మీదే బండిని నిలబెట్టేవాళ్లకు ప్లేటు ముందు పోతుంది. మా ఆవిడ చాలా నెమ్మదిగా నడుపుతుంది. ఆమె కారులో సింక్రోలు నిక్షేపంగా ఉన్నాయి, క్లచ్ మాత్రం నాకంటే ముందే మార్పించుకుంది. ఈ ముక్క ఇంట్లో చదవరనే ధైర్యంతో రాస్తున్నాను.

ఇక నూనె. కంపెనీ పుస్తకంలో ఈ బాక్స్‌కు గేర్ ఆయిల్ మార్చమని ఎక్కడా లేదు. ఇత్తడి పొడి కలిసిన నూనెతోనే తిరుగుతూ ఉండాలన్నమాట. ఇది నా రెండో కోపం. ఈసారి క్రమం తప్పకుండా మార్పిద్దామని వెళ్తే దుకాణంలో జీఎల్-5 అనే రకం గేర్ ఆయిల్ చూపించి, ఇది ఇంకా మంచి రకం అన్నారు. తీసుకోలేదు. అది ప్రధానంగా వెనక చక్రాలు తిప్పే బండ్ల డిఫరెన్షియల్లో ఉండే, పళ్లు గట్టిగా ఒరుసుకునే హైపాయిడ్ గేర్ల కోసం. అందులోని గంధకం, ఫాస్ఫరస్ కలిసిన రసాయనాలు ఇత్తడిని తినే అవకాశం ఉంది. పైగా జారుడు ఎక్కువైతే సింక్రోకు పట్టు దొరకదు. నా పుస్తకంలో రాసింది జీఎల్-4 రకం, చిక్కదనం 75డబ్ల్యూ-80. మీ కారుకు ఏది రాశారో అదే పోయించండి, అంకె పెద్దదైతే నూనె మంచిదని కాదు.

రిపేరు తర్వాత సెకండ్ మళ్లీ వెన్నలా పడుతోంది. నడపడం నెమ్మదించలేదు, గేరు వేసే తీరు మాత్రం మారింది. పైకి మార్చేటప్పుడు న్యూట్రల్ దగ్గర చెయ్యి ఒక్క రవ్వ ఆగుతుంది. సెకండ్‌కు దించేటప్పుడు న్యూట్రల్లో క్లచ్ వదిలి, చిన్నగా రేజ్ చేసి, మళ్లీ క్లచ్ తొక్కి వేస్తాను. రింగు చేయాల్సిన పనిలో చాలా భాగం ఇంజినే చేసేస్తుంది. పొద్దున బండి తీసిన కాసేపు అసలు హుషారుకు పోను. వేడి ముల్లు సగానికి వచ్చినా అది ఇంజిన్ నీళ్ల వేడే, బాక్స్‌లో నూనె వేడెక్కడానికి ఇంకా సమయం పడుతుంది.

ఎర్ర గీతను చూపించి హుషారైన కారని అమ్మి, ఆ గీత దాకా వెళ్తే మీ డ్రైవింగ్ తప్పనడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అలాగని నెమ్మదిగా నడిపేవాళ్లు ఈ కారు మానుకోవాలని అనను. వాళ్లకు ఈ బాక్స్ చాలా ఏళ్లు వస్తుంది. నాలాంటివాళ్లయితే కొనే ముందు సెకండ్‌కు ఎన్ని కోన్‌ల సింక్రో ఉందో కనుక్కోవాలి. అమ్మేవాళ్లకు తెలియకపోవచ్చు, పార్ట్స్ అమ్మేచోట తెలుస్తుంది. నేనైతే మళ్లీ కొంటానేమో. నాకు మంచి గేర్‌బాక్స్ మెకానిక్ దొరికాడు, బండి లేకపోయినా నడిచిపోయే రోజువారీ పనులున్నాయి. ఈ రెండూ లేనివాళ్లకు అదే సలహా ఇవ్వలేను.

ఇదే కారు సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నవాళ్లు ఓనర్ బండిని ముందే వేడి చేసి ఉంచకుండా చూసుకోండి, చల్లగా ఉన్నప్పుడే సెకండ్ వేయండి. వేడెక్కాక థర్డ్ నుంచి సెకండ్‌కు దించి చూడండి. సెకండ్‌లోనే యాక్సిలరేటర్ నొక్కి, ఒక్కసారిగా వదిలి, రాడ్డు మీద చెయ్యి లేకుండా గేరు నిలుస్తుందో లేదో గమనించండి. న్యూట్రల్లో క్లచ్ వదిలితే గుర్రుమని, తొక్కితే ఆగిపోతే అది బేరింగ్ గొడవ, సింక్రోతో సంబంధం లేదు. దేనిలో తేడా వచ్చినా బేరానికి ముందే బాక్స్ దించడానికి ఎంతవుతుందో ఒక మెకానిక్‌ను అడగండి.