బెజవాడ – సూర్యలంక – గుంటూరు – అమరావతి: కారు నడిపిందెంత, మేం నడిపిందెంత

డిసెంబర్ మూడో వారంలో అక్కా బావా డాలస్ నుంచి వచ్చారు, అమ్మేమో సముద్రం చూసి ఎన్నేళ్లయిందో అంది, సరే అని కారేసుకుని మూడు రోజులు తిరిగొచ్చాం. రూటు పెద్దదేం కాదు. విజయవాడ నుంచి గుంటూరు, పొన్నూరు, బాపట్ల మీదుగా సూర్యలంక, వెనక్కొచ్చి గుంటూరులో ఒక రాత్రి, మూడో రోజు అమరావతి చూసుకుని ఇంటికి. ఇందులో రాయడానికేముంది అంటారా, ఈసారి కారు కొత్తది, ఏడాస్ (డ్రైవర్‌కి సాయం చేసే సిస్టం) ఉన్నది. ముందు బండిని బట్టి వేగం అదే సర్దుకుంటుంది, గీతల మధ్య అదే నడుస్తుంది, గుద్దబోతే అదే బ్రేకేస్తుంది. కొనేటప్పుడు షోరూమ్ కుర్రాడు "ఆల్మోస్ట్ సెల్ఫ్ డ్రైవింగే సార్" అన్నాడు. కారు పేరు చెప్పను, ఎందుకంటే ఈ తిప్పలు ఒక్క కంపెనీవి కావు.

బావకి అక్కడ టెస్లా ఉంది, ఇంటి నుంచి ఆఫీసు దాకా దాదాపు అదే తీసుకెళ్తుందట. అయినా నేను షోరూమ్ మాట చెప్తే నవ్వాడు. "ఇది లెవెల్ టూ రా, నాదీ లెవెల్ టూనే. లెవెల్స్ ఐదు దాకా ఉన్నాయి, టూ అంటే బాధ్యత మొత్తం నీదే, అది చేసేది సాయం. టెస్లా వాళ్లు కూడా 2024లో ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్ అన్న పేరు చివర సూపర్‌వైజ్డ్, అంటే మనిషి చూస్తుండాలి అని తగిలించుకున్నారు" అన్నాడు. నిజంగా డ్రైవర్ లేనిదంటే వేమో అనే ట్యాక్సీ అట, ఫీనిక్స్‌లో ఒకసారి ఎక్కాడట, స్టీరింగ్ దానంతటదే తిరుగుతుంటే మొదటి ఐదు నిమిషాలు అక్క చెయ్యి వదల్లేదట. మన దగ్గర అలాంటివి రానివ్వం, డ్రైవర్ల ఉద్యోగాలు పోతాయి అని గడ్కరీ 2023లోనే అన్నారు కాబట్టి ఆ ముచ్చట ఇప్పట్లో లేదు.

పొద్దున్నే ఐదున్నరకి బయల్దేరాం, మంచు బాగా ఉంది. వారధి దాటి తాడేపల్లి, మంగళగిరి వైపు 16వ నంబర్ హైవే, ఆరు లైన్లు, గీతలు బానే కనపడుతున్నాయి. ఏడాస్‌కి మన చుట్టుపక్కల ఇంతకన్నా మంచి రోడ్డు దొరకదు. ఎనభైకి పెట్టి వదిలేస్తే ముందు బస్సు తగ్గితే తగ్గింది, కదిలితే కదిలింది, కాలికి పనే లేదు. కాకపోతే ముందు బండికి అది వదిలే ఖాళీ ఉంది చూశారూ, మనవాళ్లకి అది ఖాళీ కాదు, ఆహ్వానం. ఒక ఆటో దూరింది, మన కారు తగ్గింది, మళ్లీ ఖాళీ, ఇంకో బైకు దూరింది, మళ్లీ తగ్గింది. ఇలాగైతే గుంటూరు కాదు, వెనక్కి బెజవాడ చేరతాం అంది అక్క.

ఒక్క విషయంలో మాత్రం సిగ్గుపడ్డాను. ఇండికేటర్ వేయకుండా లేన్ మారితే స్టీరింగ్ చేతిలో వెనక్కి లాగుతుంది, మెల్లగానే, చిన్నపిల్లాడు చొక్కా పట్టుకుని లాగినట్టు. వేస్తే ఊరుకుంటుంది. మంగళగిరి వచ్చేలోపు పదిసార్లు లాగింది అంటే పదిసార్లు నేను ఇండికేటర్ వేయలేదన్నమాటేగా, పదిహేనేళ్లుగా నడుపుతున్నా, ఎవడూ లాగలేదు కాబట్టి నాకు తెలీదు.

చినకాకాని దగ్గర మీడియన్ గ్యాప్‌లోంచి ఒక కుర్రాడు బైకు మీద పాల క్యాన్లతో రాంగ్ రూట్లో వచ్చేశాడు. మంచులో నాకు ముందు క్యాన్ల మెరుపు కనపడింది, నా కాలు బ్రేకు మీదకి వెళ్లేలోపే కారు ఎర్రగా ఏదో చూపించి గట్టిగా పట్టేసింది, బెల్టు భుజాన్ని కోసింది, వెనక అమ్మ ఒళ్లో ఫ్లాస్కు కింద పడింది. వాడు తలెత్తి కూడా చూడకుండా పోయాడు. 2022లో దేశం మొత్తం మీద రోడ్ల మీద పోయినవాళ్లు 1,68,491 మంది, అందులో దాదాపు 45 శాతం టూవీలర్ల వాళ్లే. ఆ లెక్క చదివినప్పుడు అంకెలాగే అనిపించింది, క్యాన్లు చూశాక అలా అనిపించలేదు. ఆ ఒక్క బ్రేకుకే పెట్టిన డబ్బులు వచ్చేశాయి అనుకున్నా.

అనుకుని పావుగంట కాలేదు, కాజ టోల్‌ దాటి పెదకాకాని దగ్గర ఏమీ లేని చోట మళ్లీ అదే బ్రేకు! పక్కన మలుపులో ఇనప రేకుల బారికేడ్లు ఉన్నాయి, వాటిని చూసి ఏదో అనుకున్నట్టుంది. వెనక టిప్పర్ ఉంది, వాడు కొట్టిన హారన్ ఇంకా చెవిలో మోగుతోంది. మన రోడ్ల మీద వెనకవాడు మనకి అంటుకుని వస్తాడు, కాబట్టి ఉత్తుత్తి బ్రేకు కూడా అసలు ప్రమాదమే, ఇది ఏ బ్రోచర్‌లోనూ రాయరు. (టోల్ మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా, ఎక్కువ తిరిగేవాళ్లు ఫాస్టాగ్ యాన్యువల్ పాస్ తీసుకోండి, ఏడాది లేదా 200 ట్రిప్పులు, నేషనల్ హైవే టోళ్లకే.)

గుంటూరు దాటి నారాకోడూరు నుంచి అసలు కథ. రెండు లైన్ల రోడ్డు, అంచు గీత ఉన్నచోట ఉంది లేనిచోట లేదు, చేబ్రోలు దాటాక సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోశారు, చుట్టూ రాళ్లు, పక్కన మడిచిపెట్టిన బరకాలు. డిస్‌ప్లేలో గీతలు ఆకుపచ్చగా ఉండాల్సినవి బూడిద రంగులోకి వెళ్లిపోయాయి, అంటే నాకేం కనపడట్లేదు నీ ఇష్టం అని. ఆ నిజాయితీ నాకు నచ్చింది. కానీ ధాన్యం కుప్ప చుట్టూ పెట్టిన తలకాయంత రాళ్లకి మాత్రం కుయ్ మనలేదు. నేను చూసి తప్పించా.

ఇంకాస్త ముందుకెళ్లాక ఒక పెద్దాయన సైకిల్ మీద గడ్డిమోపు కట్టుకుని, సైకిల్ తోసుకుంటూ రోడ్డు దాటుతున్నాడు. పక్క నుంచి చూస్తే మనిషి కనపడడు, రెండు చక్రాలు, మీద ఒక గడ్డివాము. కారేం అనలేదు, నేనే ఆపా. బావ అప్పుడు చెప్పాడు, 2018 మార్చిలో అరిజోనాలో టెంపే అనే ఊళ్లో ఊబర్ వాళ్ల సెల్ఫ్ డ్రైవింగ్ టెస్టు కారు రాత్రిపూట సైకిల్ తోసుకుంటూ దాటుతున్న ఒకావిడని గుద్ది చంపేసింది. గుద్దడానికి ఐదు సెకన్లకి పైగా ముందే సెన్సర్లు ఆమెని పట్టాయట, కానీ బండి అనుకుంది, ఇంకేదో అనుకుంది, సైకిల్ అనుకుంది, మార్చుకుంటూనే ఉంది. క్రాసింగ్ లేని చోట మనిషి దాటతాడు అన్న ఆలోచనే ఆ సాఫ్ట్‌వేర్‌లో పెట్టలేదని ఎన్‌టీఎస్‌బీ (అక్కడ ప్రమాదాల మీద దర్యాప్తు చేసే ప్రభుత్వ సంస్థ) దర్యాప్తులో తేలింది. "మరి ఇక్కడ క్రాసింగ్ ఎక్కడుంది రా?" అంది అమ్మ వెనక నుంచి. చేబ్రోలు నుంచి పొన్నూరు దాకా లెక్కేసుకుంటూ వచ్చింది, ఒక్కటీ లేదంది.

సూర్యలంక. బీచ్ బావుంది, లోతు తక్కువ, కాకపోతే లోపలికి పోతే ప్రమాదం, గజ ఈతగాళ్లు విజిల్ వేస్తే రండి, హీరోలవ్వకండి. మేం దిగిన రిసార్టు పేరు రాయను, గది 3,500. సముద్రం నడక దూరం, వంజరం వేపుడు అద్భుతం, వేడి నీళ్లు ఏడింటికి గానీ రావు, దోమలు మాత్రం ఐదింటికే వస్తాయి. పార్కింగ్ సరుగుడు తోటలో. తెల్లారి చూస్తే అద్దం నిండా ఉప్పు గాలి జిగురు, స్టార్ట్ చేయగానే ఫ్రంట్ కెమెరా బ్లాక్డ్ అని వచ్చి ఏడాస్ మొత్తం ఆగిపోయింది. వైపర్ వేస్తే ఇంకా పులుముకుంది. బీచ్‌కి వెళ్లేవాళ్లు ఒక సీసా మంచినీళ్లు, మెత్తటి గుడ్డ దగ్గర పెట్టుకోండి. డ్రైవర్లతో వచ్చినవాళ్లకి ఇంకో మాట, అక్కడ డ్రైవర్లకి గది లేదు, ఇద్దరు కార్లలోనే పడుకున్నారు. మర్నాడు వాళ్లే మంచులో నడపాలి. సెన్సర్లకి లక్షలు పెడతాం, డ్రైవర్ నిద్రకి ఐదొందలు పెట్టం.

రెండో రోజు బాపట్లలో పిన్ని వాళ్లింటికెళ్లాం. ధనుర్మాసం కదా, సందంతా ముగ్గులు, మధ్యలో గొబ్బెమ్మలు. "ఆ గీతలు చూసి లేన్ అనుకుంటుందేమో రా నీ కారు" అంది అమ్మ. గీతల సంగతి ఏమోగానీ వెనక్కి తీస్తుంటే గోడకి మూడడుగులుండగానే గోల చేసిన సెన్సరు, గొబ్బెమ్మని మాత్రం పట్టించుకోలేదు. గుమ్మడి పువ్వుతో సహా టైరు కిందకి పోయింది. పిన్ని ఏమీ అనలేదు, అందుకే ఇంకా బాధేసింది.

పొన్నూరులో ఆంజనేయస్వామిని చూసుకుని మధ్యాహ్నానికి గుంటూరు. బ్రాడీపేటలో లాడ్జి. బ్రాడీపేటలో ఎక్కడ చూసినా లైన్లే, నాలుగో లైను, ఐదో లైను, కానీ మా కారుకి కావాల్సిన లైన్ ఒక్కటీ లేదు. లేన్ అసిస్ట్ ఎలాగూ పొద్దున్నుంచి ఆగిపోయే ఉంది. లాడ్జి సెల్లార్‌లోకి ర్యాంపు నిలువుగా ఉంది, చుట్టూ సెన్సర్లు ఒకేసారి కుయ్యో మొర్రో అంటుంటే ఏది ఎటు మోగుతుందో అర్థం కాలేదు. వాచ్‌మన్ ఒకాయన వచ్చి డిక్కీ మీద చరుస్తూ "రా రా రా... కుడికి కొట్టు... రానీ... చాల్చాల్" అన్నాడు. అర అంగుళం తేడా లేకుండా పెట్టించాడు. గది శుభ్రం, 1,800, మళ్లీ వెళ్తే ఇక్కడే దిగుతాం. పక్క వీధిలో మెస్సు భోజనం, గోంగూర, ఉలవచారు, బావ డాలస్ మర్చిపోయాడు.

అద్దం మీద ఆ కెమెరా మెసేజ్ కడిగినా పోలేదు, సాయంత్రం ఒక సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లా. కౌంటర్లో కుర్రాడు చూడకుండానే "క్యాలిబ్రేషన్ పోయింది సార్, నాలుగు వేలవుద్ది, బండి రేపు ఇస్తాం" అన్నాడు. అద్దం మార్చినప్పుడు క్యాలిబ్రేషన్, అంటే కెమెరా గురి సరిచేయడం, చేయాలి, అది నిజమే, కానీ మేం అద్దం మార్చలేదు కదా. లోపల వాషింగ్ దగ్గర పనిచేసే ఒకతను వచ్చి కెమెరా ఉన్నచోట వేలితో రాసి చూశాడు, "జిడ్డండీ" అన్నాడు, ఏదో స్ప్రే కొట్టి తుడిచాడు, మెసేజ్ పోయింది. వందిస్తే తీసుకోనన్నాడు, బలవంతంగా ఇచ్చా. కౌంటర్‌కి ఒక్క మార్కు, ఆయనకి పదికి పది.

నాకు నడుం పట్టేసింది, మూడో రోజుకి లాడ్జి వాళ్లే ఒక యాక్టింగ్ డ్రైవర్‌ని పిలిపించారు. అరవై దగ్గర ఉంటాయి, లారీల మీద ముప్పై ఏళ్లు చేశాడట. పన్నెండొందలు, బత్తా వేరే. ఎక్కగానే స్క్రీన్ వంక చూసి "ఇయ్యన్నీ తీసేయనా బాబూ, చెవుల్లో మోత" అన్నాడు. బ్రేకు ఒక్కటీ ఉంచు బాబాయ్ అన్నా.

అమరావతి రోడ్డెక్కాం, లాం దాటాక మంచు ఇంకా చిక్కగా ఉంది. ఉన్నట్టుండి ఆయన కాలు తీసేశాడు, బండి ముప్పైకి వచ్చేసింది. ఎందుకు బాబాయ్ అంటే గడ్డంతో చూపించాడు, రోడ్డు మీద ఒక వేపకొమ్మ పడుంది. నాకు కొమ్మే కనపడింది. ఇంకో యాభై గజాలు పోయాక మంచులోంచి లారీ వెనక తలుపు బయటికొచ్చింది, ఆగిపోయి ఉంది, లైటు లేదు, రిఫ్లెక్టర్ మీద బురద. "కొమ్మేశాడంటే బండి ఆగిందనే గదా బాబూ" అన్నాడు, అదేదో అ ఆ లు చెప్పినట్టు. మా కారు మాన్యువల్‌లో ఆగి ఉన్న బండ్లని క్రూజ్ (వేగం తనే సర్దుకునే ఆ సాయం) గుర్తించకపోవచ్చు అని చిన్న అక్షరాల్లో ఉంది, రాత్రి లాడ్జిలో చదివా. నేనే నడుపుతూ ఎనభైకి పెట్టుంటే? ఆ కొమ్మని నేను కొమ్మే అనుకునేవాణ్ణి, కారూ అంతే.

దారంతా ఆయన అలాంటివే చెప్తూ వచ్చాడు. ముందు లారీ కుడి ఇండికేటర్ వేస్తే ఎదురుగా బండొస్తోంది రావద్దు అని కావచ్చు, నేను తిరుగుతున్నా అని కావచ్చు, ముందు సందుందా లేదా చూసి తెలుసుకోవాలట. బావ ఇదంతా ఫోన్‌లో రాసుకున్నాడు, అక్కడెవరికి చెప్తాడో మరి.

అమరావతి గురించి చాలామంది రాశారు కాబట్టి తొందరగా చెప్పేస్తా. అమరేశ్వరుడి గుడి, 125 అడుగుల ధ్యాన బుద్ధుడు, మ్యూజియం, మూడు గంటలు చాలు. స్తూపం శిల్పాలు చాలావరకు లండన్‌లో, చెన్నైలో ఉన్నాయి, ఇక్కడ చూసేది మిగిలిందే, అయినా చూడాలి. తర్వాత రాజధాని వైపు సీడ్ యాక్సెస్ రోడ్డు ఎక్కాం, విశాలంగా ఉంది, నాకు ఆశ పుట్టి లేన్ అసిస్ట్ వేయమన్నా. చక్కగా వెళ్లింది, నాలుగు కిలోమీటర్లు. తర్వాత గేదెలు. మధ్య లేన్లో పడుకుని ఉన్నాయి, లేచే ఉద్దేశం లేదు. ఆస్ట్రేలియాలో వోల్వో వాళ్ల సిస్టం కంగారూ గెంతుతుంటే దూరం లెక్క తప్పి తికమకపడిందని 2017లో వార్తొచ్చింది గుర్తుందా అన్నాడు బావ. ఇవి గెంతవు కదా బావా అన్నా. బాబాయ్ అద్దం దించి "హోయ్" అన్నాడు, ఒకటి లేచింది, సందు దొరికింది.

కరకట్ట మీద ఒక బండి పోతే ఇంకోటి దిగాలి, ఆ ముక్క అంతే. బ్యారేజీ మీద సాయంత్రం ట్రాఫిక్, అంగుళం అంగుళం, అక్కడ మాత్రం క్రూజ్ వేయిస్తే ఆగుతూ కదులుతూ బాగా నడిచింది, బాబాయ్ కూడా "ఇది మంచిదే, మోకాలికి" అని ఒప్పుకున్నాడు. ఇంటి దగ్గర దిగి, గుంటూరు బస్సు ఛార్జీ కూడా పుచ్చుకుని, నంబరిచ్చి వెళ్లాడు.

మర్నాడు పొద్దున అమ్మని గుడికి తీసుకెళ్దామని స్టార్ట్ చేశా. బాబాయ్ తీసేసినవన్నీ మళ్లీ వాటంతటవే ఆన్ అయ్యాయి, టింగ్ టింగ్ మని. "లేచిందిరా మహాతల్లి" అంది అమ్మ, బెల్టు పెట్టుకుంటూ.