వర్డ్ ఆటోటెక్స్ట్ ప్యాక్ కొనేవాళ్ళు జాగ్రత్త, నా పన్నెండేళ్ళ కష్టం ఒక్క క్లిక్కులో పోయింది

నిన్న సాయంత్రం జరిగింది. రాత్రంతా నిద్ర లేదు. కోపంలో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

దస్తావేజు రైటర్లు, డీటీపీ వాళ్ళ గ్రూపుల్లో ఈ మధ్య ఒకాయన వీడియోలు తెగ తిరుగుతున్నాయి కదా. "రెండక్షరాలు కొట్టండి, దస్తావేజు దానంతటదే పడుతుంది" అంటాడు చూడండి, ఆయనే. పేరు రాయను, చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. దస్తావేజుల్లో వాడే పేరాలు (క్లాజులు) ముందే రాసిపెట్టి అమ్మే ప్యాక్ అది, 2,499 రూపాయలు. యూపీఐలో కొట్టేశాను.

అసలు సంగతి ఏమిటంటే నాకు ఆ ప్యాక్ అవసరమే లేదు. ఆయన అమ్మేది వర్డ్‌లో మొదట్నుంచీ ఉన్నదే. కావలసిన పేరా సెలెక్ట్ చేసి ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి, గ్యాలరీలో ఆటోటెక్స్ట్ ఎంచుకుని, ఒక పొట్టి పేరు పెడితే అయిపోయింది. తర్వాత ఎప్పుడైనా ఆ పేరు కొట్టి ఎఫ్3 నొక్కితే పేరా మొత్తం దిగుతుంది. నేను 2013 నుంచి అదే వాడుతున్నాను. "మీరు, మీ వారసులు పుత్ర పౌత్ర పారంపర్యముగా దాన వినిమయ విక్రయాది సర్వ హక్కులతో అనుభవించుకొనవలసినది" అనే ముక్కకి నేను పెట్టుకున్న పేరు డీవీ. డీవీ, ఎఫ్3, అంతే. క్రయం, తనఖా, దానపత్రం, భాగపంపిణీ, వీలునామా అన్నీ కలిపి ఎనభైకి పైనే ఉండేవి. సగానికి సగం మా నాన్నగారి నోటుబుక్కులోంచి ఎక్కించినవి. మరి ఎందుకు కొన్నావయ్యా అంటారా? ఆశ. "300 క్లాజులు, అన్నీ యూనికోడ్" అన్నాడు, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనిపించేవి. ఉన్న ఎనభైకి మూడొందలు కలుస్తాయి కదా అనుకున్నాను. కలవలేదు, ఉన్నవి పోయాయి.

డబ్బు పడేదాకా "అన్నా". పడ్డాక "బ్రదర్". ఇన్‌స్టాల్ చేయడానికి స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించుకుని నా కంప్యూటర్‌లోకి వచ్చాడు. వర్డ్ మూయించాడు. టెంప్లేట్స్ ఫోల్డర్ తెరిచాడు. అందులో నార్మల్ అనే ఫైల్ ఉంటుంది, మనం దాచుకున్న ఆటోటెక్స్ట్ మామూలుగా ఉండేది దాంట్లోనే. అదే పేరుతో ఆయన దగ్గరున్న ఫైల్ తెచ్చి అక్కడ పేస్ట్ చేశాడు. ఈ పేరుతో ఇప్పటికే ఒక ఫైల్ ఉంది, దాని స్థానంలో ఇది పెట్టమంటారా అని విండోస్ అడిగింది. బాణం గుర్తు ఆ బటన్ వైపు కదలడం నా కళ్ళతో నేను చూశాను. "ఇదేంటి బ్రదర్" అన్నాను కూడా. "ఏం కాదు, పాతది పోతేనే కొత్తది పని చేస్తుంది" అని నొక్కేశాడు. ఆ క్షణంలో నా చెయ్యి మౌస్ మీదే ఉంది. లాగితే సరిపోయేది. ఎదురుగా దస్తావేజు రాయించుకునే పార్టీ కూర్చుని ఉన్నారు, గొడవెందుకని ఊరుకున్నాను. నా మొహం.

ఆయన వెళ్ళాక డీవీ కొట్టి ఎఫ్3 నొక్కాను. డీవీ డీవీలాగే ఉంది. ఇంకోటి కొట్టాను, అదీ అంతే. రీసైకిల్ బిన్‌లో వెతికాను. ఇలా మీద పేస్ట్ చేసిన ఫైల్ అందులోకి రాదట, నిన్నే తెలిసింది.

ఇక ప్యాక్ సంగతి. యూనికోడ్ కాదు, పాత అను ఫాంటులో కొట్టినవి. ఆ ఫాంటు లేని నా కంప్యూటర్‌లో అన్నీ పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు. పది పన్నెండు మాత్రం యూనికోడ్‌లో ఉన్నాయి. వాటిలో హద్దుల ముక్క నొక్కితే తూర్పున ఎవరిదో బోరుబావి, దక్షిణాన రెండు కొబ్బరి చెట్లు నా పార్టీ ఇంటి స్థలంలోకి వచ్చి నిలబడ్డాయి. ఇంకోదాంట్లో ఎవరో మనిషి పేరు, తండ్రి పేరు, ఆధార్ నంబరుతో సహా. ఎవరి దస్తావేజో ఎత్తుకొచ్చి పేర్లు తీసి ఖాళీలు కూడా పెట్టకుండా అమ్ముతున్నాడు మహానుభావుడు. ఆ మనిషికి తన ఆధార్ 2,499కి తిరుగుతోందని తెలుసో లేదో.

ఫోన్ చేశాను. నా పాత ఫైల్ ఏదండీ అన్నాను. జవాబు ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "హలో, బ్యాకప్ తీసుకోవడం మీ పని. ఎనభై పేరాలకే ఇంత ఏడుపా? మీకు మూడొందలు ఇచ్చాను కదా." రిఫండ్ అడిగితే నవ్వి పెట్టేశాడు. తర్వాత నంబర్ బ్లాక్. 2,499 పోతే పోయింది, ఆ "ఏడుపు" మాట మాత్రం ఇంకా చెవిలోనే ఉంది.

ఇంకా మండేది ఏంటంటే, నా ఫైల్ ముట్టుకోవాల్సిన అవసరమే ఆయనకి లేదు. తన ముక్కలు వేరే టెంప్లేట్‌లో పెట్టి వర్డ్ తెరిచినప్పుడల్లా చదివే స్టార్టప్ ఫోల్డర్‌లో వేస్తే రెండూ పక్కపక్కనే పని చేస్తాయి. మా మేనల్లుడు పొద్దున అయిదు నిమిషాల్లో చేసి చూపించాడు. నేర్పేవాడికి ఆ మాత్రం రాదా?

బతికి బట్టకట్టినవి ఆటోకరెక్ట్‌లో పెట్టుకున్న చిన్న ముక్కలే, అంటే పొట్టి పేరు కొట్టి స్పేస్ ఇవ్వగానే దానంతటదే మారిపోయేవి. అవి వేరే ఫైల్‌లో ఉంటాయట. కానీ మామూలు ఆటోకరెక్ట్‌లో 255 అక్షరాలు దాటి పట్టదు కాబట్టి, పెద్ద పేరాలన్నీ పోయినట్టే.

కొనొద్దు. మీకు కావలసింది ఆల్ట్ ఎఫ్3లోనే ఉంది, ఉచితంగా. ఈపాటికే కొన్నవాళ్ళు ఎవర్నీ కంప్యూటర్‌లోకి రానివ్వకముందే నార్మల్ ఫైల్ ఒక పెన్‌డ్రైవ్‌లో కాపీ పెట్టుకోండి. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే వచ్చే రన్‌లో యాప్‌డేటా పేరు అటూ ఇటూ పర్సెంట్ గుర్తులతో కొడితే వచ్చే చోట మైక్రోసాఫ్ట్, దాంట్లో టెంప్లేట్స్, అక్కడే ఉంటుంది. నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు ఇచ్చాను. మీలో మోసపోయినవాళ్ళుంటే మీరూ ఇవ్వండి.

నాన్నగారి నోటుబుక్కు బీరువాలోంచి తీశాను. పొద్దున్నించి పదకొండు ఎక్కించాను. ఇంకా వీలునామా మొదలే పెట్టలేదు.