గడ్డి ట్రే కొనేముందు ఒకసారి సొరుగు లాగి చూడండి

కుక్కపిల్లలు ఇంట్లోనే మూత్రం పోసుకోవడానికి అమ్మే ప్లాస్టిక్ గడ్డి ట్రే మా ఇంట్లోకి వచ్చి ఏడాది దాటింది. పైన గడ్డి, మధ్యలో జాలీ, అడుగున సొరుగు. కొన్నవాళ్లంతా గడ్డి ఎంత మెత్తగా ఉందో, ఎంత పచ్చగా ఉందో రాస్తారు. నా గొడవంతా ఆ సొరుగుతోనే.

ముందు మంచి చెప్పేస్తాను. మాది బెంగళూరులో బెళ్లందూరు వైపు, ఆరో అంతస్తు. మా కుక్కపిల్ల పండుగాడు వచ్చేటప్పటికి వాడికి రెండు నెలలు. టీకాలు పూర్తయ్యేదాకా, అంటే దాదాపు 16 వారాల వయసు దాకా, వీధి కుక్కలు తిరిగే చోట నేల మీద దింపొద్దని డాక్టర్ గట్టిగా చెప్పారు. కుక్కపిల్లల ప్రాణాలు తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, మామూలు క్లీనర్లకు లొంగదు. పోనీ ఎత్తుకుని కిందికి తీసుకెళ్దామంటే, ఆ వయసు పిల్ల మహా అయితే రెండు గంటలు ఆపుకుంటుంది. లిఫ్ట్ వచ్చేలోపే చొక్కా తడిసేది. పేపర్ పరిస్తే చింపి ఆడుకునేవాడు.

ట్రే వచ్చాక నిజంగానే ఊపిరి పీల్చుకున్నాం. కాళ్ల కింద ఏది తగిలితే అదే తన చోటు అనుకోవడం పిల్లలకు సరిగ్గా ఆ వయసులోనే పడుతుంది. నిద్ర లేవగానే, తినగానే, ఆట ఆపగానే తీసుకెళ్లి గడ్డి మీద నిలబెట్టడం, పోసిన మరుక్షణం అక్కడే ఉడికించిన చికెన్ ముక్క నోట్లో పెట్టడం. హాల్లోకి వచ్చాక పెడితే ఎందుకు పెట్టామో వాడికి తెలియదు. వాడు త్వరగానే పట్టేశాడు. ఆ సంబరంలో ఆఫీసులో ఒకరిద్దరి చేత కూడా ఈ ట్రే కొనిపించాను.

ఎండలు ముదిరాక వాసన మొదలైంది. మూత్రంలోని యూరియా అమ్మోనియాగా మారుతుంది కదా, ఆ ఘాటంతా గడ్డి అడుగున ఉండే రబ్బరులో పట్టేస్తుంది. రోజూ కడగాలి. 2024 వేసవిలో బెంగళూరు నీళ్ల కరువు గుర్తుందా? ట్యాంకర్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ, కుక్క గడ్డికి బకెట్ నీళ్లు పోయాలంటే మనసొప్పేది కాదు. ఫినాయిల్ వాసనను పైపైన కప్పుతుందంతే. మూత్రాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ క్లీనర్ పోసి కాసేపు నాననిస్తే గానీ పోలేదు. బ్లీచింగ్ జోలికి మాత్రం వెళ్లకండి, మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే విషవాయువు వస్తుంది.

అదంతా సర్దుకున్నాం. అసలు కథ ఆ అక్టోబరు వానల్లో జరిగింది. సొరుగు లోతు రెండు వేళ్లు కూడా ఉండదు. లాగడానికి వీలుగా ముందు అంచు ఇంకా తక్కువ. నీళ్లు పోయే దారి ఎక్కడా లేదు. రాత్రంతా ఈదురుగాలితో జల్లు బాల్కనీలోకి కొట్టింది. సొరుగు నిండింది, ముందు అంచు మీదుగా పొర్లింది, రెయిలింగ్ సందులోంచి ఐదో అంతస్తు బాల్కనీలోకి దిగింది. అక్కడ ఆంటీ మర్నాడు పూజకని మడిబట్ట ఆరేసుకున్నారు. వాళ్లది చిత్తూరు వైపు. పొద్దున్నే తలుపు కొట్టి, చాలా మర్యాదగా, "ఏమప్పా, పైనుంచి పడింది వాన నీళ్లేనా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. మా ఆవిడ ఆ బట్ట ఉతికించి ఇస్తామంటే, "పరాయివాళ్లు ఉతికితే అది మడి ఎట్లవుతుందమ్మా" అని వెళ్లిపోయారు.

కంపెనీకి ఫోన్ చేశాను. ఈ ట్రే ఇంటి లోపల వాడకానికే, వాన తగిలితే తమ పూచీ లేదన్నారు. డబ్బా మీద బొమ్మలో ట్రే ఉన్నది బాల్కనీలో, పక్కనే పూలకుండీ కూడా. ఆ బొమ్మ పంపితే జవాబు లేదు.

చివరికి మా ప్లంబరే దారి చూపించాడు. ట్రేని వంటింటి పక్కన బట్టలు ఉతికే యుటిలిటీలోకి మార్చి, సొరుగు మూలకు బొక్క పెట్టి, వాషింగ్ మెషీన్ పైపు ముక్క బిగించి, అక్కడి నహానీ ట్రాప్‌లోకి, అంటే నేలలో నీళ్లు పోయే జాలీలోకి వదిలాడు. అరగంట పని. ఆ బొక్కేదో తయారుచేసేటప్పుడే పెడితే వాళ్ల సొమ్మేం పోయేదో! వంటింటి పక్కన కుక్క దొడ్డి ఏమిట్రా అని అమ్మ సణిగింది గానీ, అప్పటినుంచి కిందికి చుక్క పడలేదు.

ఇక గడ్డి గురించి మొదట్లో అన్నదాన్ని కొంచెం తగ్గించుకోవాలి. వాడు నేర్చుకున్నది ట్రేని కాదు, ఆ స్పర్శని. ఎదురింటి గుమ్మంలో పచ్చ డోర్‌మ్యాట్ ఉంటే దాని మీదా పోశాడు. టీకాలయ్యాక వాకింగ్‌కి తీసుకెళ్తే వీధంతా తిరిగి, బిగబట్టుకుని వచ్చి ట్రే ఎక్కేవాడు. పాత గడ్డిలోంచి ముక్క కోసి, వాసన ఉన్నదాన్నే పక్క ఖాళీ సైట్‌లో వేసి అలవాటు చేయాల్సి వచ్చింది. ఎనిమిది నెలలు దాటేసరికి కాలెత్తడం మొదలుపెట్టాడు. ట్రేలో నిలబడే పోస్తాడు, ధార మాత్రం గోడకి.

ఇప్పుడు జోరువాన రాత్రులకే దాన్ని వాడుతున్నాం. మాకు పై అంతస్తు, పొద్దంతా ఇంట్లో అమ్మ, పైకప్పూ నహానీ ఉన్న యుటిలిటీ ఉన్నాయి కాబట్టి కొన్నందుకు పూర్తిగా బాధలేదు. గ్రౌండ్ ఫ్లోర్‌లో సొంత పెరడు ఉన్నవాళ్లకు దీని అవసరమే లేదు. తెరిచిన బాల్కనీ ఒక్కటే ఉంటే కింద ఎవరున్నారో చూసుకుని కొనండి. ఆడ కుక్కపిల్ల అయితే ఎక్కువ కాలం పనికొస్తుందేమో. మగదైతే ఏడాది తిరక్కుండానే మూలన పడుతుంది, ఆ లెక్కన ధర గిట్టుబాటవుతుందో లేదో చూసుకోండి.