మృదంగం ఎడమ పక్క వినిపించే ఇయర్‌ఫోన్లు: ఏడాదిన్నర వాడాక

ప్లానార్ అనే రకం డ్రైవర్ (శబ్దం పుట్టించే భాగం) ఉన్న ఈ ఇయర్‌ఫోన్లు కొని ఏడాదిన్నర దాటింది. వీటి మీద నాకున్న ఇష్టానికి కారణం ఒక్కటే: మృదంగం ఎడమ పక్క. ఇదివరకు ఫోన్‌తో వచ్చినవి వాడాను, రెండు మూడు వేల రూపాయలవీ వాడాను. తని ఆవర్తనం, అంటే కచేరీలో పాట ఆగి తాళవాద్యాలు మాత్రమే మోగే భాగం వింటే వాటిలో కుడి చేతి నం, ధిం శుభ్రంగా వచ్చేవి. ఎడమ చెయ్యి మాత్రం అడుగున ఎక్కడో గుబగుబమని ఉండిపోయేది. వీటిలో ఆ ఎడమ చెయ్యి ఏం చేస్తోందో పూర్తిగా తెలుస్తుంది.

చిన్నప్పుడు కొన్నేళ్లు మృదంగం నేర్చుకున్నాను. తొప్పికి, అంటే మృదంగం ఎడమ మూతికి, రవ్వ ముద్ద అంటించే పని మా గురువుగారు నాకే అప్పగించేవారు. ముద్ద ఎక్కువైతే శబ్దం కిందికి దిగుతుంది, తక్కువైతే డొల్లగా మోగుతుంది. కచేరీ సాగేకొద్దీ అది ఆరుతుంది, శ్రుతి కొంచెం కొంచెంగా కదులుతుంది. విద్వాంసులు మధ్యలో తడి వేలితో సర్దుకుంటారు. ఒక పాత లైవ్ రికార్డింగు ఉంది నా దగ్గర, గంటన్నర పైనే ఉంటుంది. అందులో మొదటి కృతి దగ్గరి తొప్పికి, తనిలో వినిపించే తొప్పికి తేడా ఉందని నాకు మొదటిసారి తెలిసింది ఈ ఇయర్‌ఫోన్లలోనే. మణికట్టు నొక్కి లాగే గుమికి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కూడా వినిపిస్తుంది. పక్కన ఘటం కూడా ఉంటే ఏ దెబ్బ ఎవరిదో వెతుక్కోనక్కర్లేదు.

ఇలా ఎందుకు వినిపిస్తుందో చెప్పడం కష్టమేమీ కాదు. మామూలు డైనమిక్ డ్రైవర్‌లో తీగ చుట్ట ఒక్క చోట ఉండి పొరను అక్కడి నుంచి తోస్తుంది. ప్లానార్‌లో తీగకు బదులు లోహపు గీతలు పొర నిండా పరుచుకుని ఉంటాయి, వాటికి దగ్గరగా అయస్కాంతాల వరుస ఉంటుంది. అందుకని పొర మొత్తం ఒకేసారి కదులుతుంది. పొర చాలా పల్చన కాబట్టి తొందరగా మొదలై తొందరగా ఆగుతుంది. మన సంగీతంలో ఒక దెబ్బ ఆగకముందే ఇంకో దెబ్బ పడుతుంది. ముందు దెబ్బ సద్దు వెనక దెబ్బను కప్పెయ్యకపోవడమే నాకు కావలసింది.

ఒకప్పుడు ప్లానార్ అంటే నెత్తి మీద పెట్టుకునే పెద్ద హెడ్‌ఫోన్లే, ధర కూడా అలాగే ఉండేది. 2021 చివర్లో సెవెన్‌హెర్ట్జ్ టైమ్‌లెస్, 2022లో లెట్‌షుఓర్ ఎస్12 అనే మోడళ్లు వచ్చాక చెవిలో పెట్టుకునే ప్లానార్లు మామూలు ఉద్యోగస్తుడి చేతికి కూడా అందాయి. నాది ఆ దారిలో తర్వాత వచ్చిన ఒక చైనా మోడల్. నేను చెప్పబోయే మంచీ చెడూ ఈ తరహావాటిలో చాలావాటికి ఉన్నవే, అందుకే పేరు పక్కన పెడుతున్నాను.

వయొలిన్ గురించి ఒక మాట. విశాఖలో పెరిగి, 1919 నుంచి విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో పాఠాలు చెప్పి, 1936లో అక్కడే ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత 78 ఆర్‌పీఎం రికార్డులు వీటిలో విన్నాను. పాత రికార్డు కాబట్టి సూది గీత చప్పుడు ఎక్కువ. మామూలు ఇయర్‌ఫోన్లలో ఆ బరబర, వయొలిన్ కలిసిపోయి చెవికి బరువుగా ఉంటుంది. వీటిలో బరబర తగ్గలేదు, ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. అయితే అది ఒక పక్కన, కమాను ఒక పక్కన విడివిడిగా ఉంటాయి. కాసేపటికి మనసు కమాను వెంట వెళ్లిపోతుంది. కమాను తీగ మీద ఆని గట్టిగా లాగిన చోట, తేల్చి వదిలిన చోట ఆ తేడా తెలుస్తుంది. విశాఖ కళాభారతి ఆడిటోరియంలో ముందు వరసలో కూర్చున్నంత దగ్గరగా అని చెప్పను. ఇయర్‌ఫోన్‌లో వేదిక వెడల్పు రాదు, వీటిలోనూ రాలేదు.

బేస్ సంగతి. కొన్న కొత్తలో స్నేహితులందరికీ బేస్ అద్భుతం అని చెప్పాను. లోతు ఉంది, శుభ్రత ఉంది, ఆ మాట ఇప్పటికీ నిజమే. కానీ లోతు వేరు, ఛాతీ మీద పడే దెబ్బ వేరు. వినాయక చవితి నిమజ్జనం రోజు మా వీధిలో మోగే డప్పుల వీడియో ఒకటి ఫోన్‌లో ఉంది. దాన్ని వీటిలో వింటే ప్రతి దెబ్బా లెక్కపెట్టొచ్చు, ఒంట్లో ఊపు మాత్రం రాదు. మా తమ్ముడి రెండు వేల రూపాయల డైనమిక్ ఇయర్‌ఫోన్లలో అదే వీడియో వింటే కాళ్లు ఆగవు. సినిమా పాటల్లో మాస్ బీట్లకూ ఇంతే. ఫోన్‌లో ఈక్యూ (ఏ శ్రుతులు ఎంత వినిపించాలో సర్దే సెట్టింగు) తెరిచి 100 హెర్ట్జ్ కింద మూడు నాలుగు డెసిబెల్స్ పెంచితే చాలావరకు సర్దుకుంటుంది, అంత పెంచినా శబ్దం చెదరదు. ప్లానార్ పొరకున్న మంచి గుణం అది. ఈక్యూ జోలికి వెళ్లనివాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

పై శ్రుతుల దగ్గర కొంచెం మెరుపు ఎక్కువ. సన్నాయి గట్టిగా పెడితే అరగంటకి చెవి అలిసిపోతుంది. తాళాల చప్పుడులో ఇత్తడి కంటే కాస్త ఎక్కువ లోహం వినిపిస్తుంది. పెట్టెలో వచ్చిన సిలికాన్ టిప్స్ (చెవిలో దూరే మెత్తటి తొడుగులు) తీసి ఫోమ్ టిప్స్ వేశాక ఆ పదును తగ్గింది. ఫోమ్ మన ఉక్కపోతకి తొందరగా పాడవుతుంది, మూడు నాలుగు నెలలకు మార్చుకోవలసిందే.

వీటికి కరెంటు కొంచెం ఎక్కువ కావాలి. ఇంపిడెన్స్ (కరెంటుకి ఎదురయ్యే అడ్డు) తక్కువే, కానీ సెన్సిటివిటీ (ఇచ్చిన కరెంటుకి వచ్చే శబ్దం) కూడా తక్కువ. నా ఫోన్‌కి హెడ్‌ఫోన్ కన్నం లేదు, మొదట మూడొందల రూపాయల టైప్-సి డాంగిల్ (ఫోన్ చార్జింగ్ కన్నానికి ఇయర్‌ఫోన్లు తగిలించే చిన్న పరికరం) పెట్టాను. సౌండ్ వచ్చింది గాని తొప్పి మెత్తబడిపోయింది. కొంచెం బలమైన డాంగిల్ కొన్నాక అసలు రూపం బయటపడింది. ఆ డాంగిల్ ధర కూడా కలుపుకుని లెక్క వేసుకోవాలి. ఒక సుఖం మాత్రం ఉంది. ప్లానార్ ఇంపిడెన్స్ అన్ని శ్రుతుల దగ్గరా దాదాపు ఒకేలా ఉంటుంది కాబట్టి ఫోన్ మారినా డాంగిల్ మారినా స్వరం రంగు మారదు. బాలెన్స్‌డ్ ఆర్మేచర్లు అనే మరో రకం చిన్న డ్రైవర్లు నాలుగైదు కలిపి చేసినవాటిలో ఈ ధీమా ఉండదు.

ఇక అసలు కథ. కిందటి ఆగస్టులో ఒక సాయంత్రం ఎడమ పక్క సన్నగా అయిపోయింది. మొదట పై శ్రుతులు పోయాయి, వారం తిరిగేసరికి కుడి పక్క శబ్దంలో సగం కూడా లేదు. తొప్పి కోసం కొన్నవి, ఆ రికార్డింగులో తొప్పి ఎడమ పక్కనే ఉంటుంది. ఆ వారం నాకు తిండి సహించలేదంటే అతిశయోక్తి కాదు.

ముందు కేబుల్ చూశాను. రెండు పిన్నుల కేబుల్ కాబట్టి ఊడదీసి ఎడమ తీగను కుడి దానికి, కుడి తీగను ఎడమ దానికి తగిలించాను. అయినా ఎడమ ఇయర్‌ఫోన్‌లోనే సన్నగా వస్తోంది. అంటే కేబుల్ తప్పు కాదు, ఇయర్‌ఫోన్‌లోనే ఏదో ఉంది. ఎవరికైనా ఒక పక్క శబ్దం పోతే ముందు ఈ పరీక్ష చెయ్యండి, పైసా ఖర్చు లేదు. పిన్నులు తీసినప్పుడు చూస్తే వాటి మొదట్లో పచ్చటి చిలుము కనిపించింది. విశాఖ పెదవాల్తేరులో, సముద్రపు గాలిలో ఉంటాం, కిటికీ గ్రిల్స్‌కి ఏటా రంగు వేయిస్తే గాని నిలవవు. ఇంత చిన్న పిన్ను ఎలా నిలుస్తుంది?

అమ్మినవాళ్లకి మెయిల్ పెడితే, మీ ఖర్చుతోనే పంపండి, తేమ వల్ల చెడితే వారంటీ వర్తించదు, చూసి చెప్పడానికి నాలుగు వారాలు పడుతుంది అని జవాబు వచ్చింది. అంతే, ఏం జరిగి ఉండొచ్చో ఒక్క మాట లేదు. ఇన్ని వేలు పెట్టి కొన్న మనిషికి ఇలాంటి జవాబు ఇవ్వడం నాకు బాధ కలిగించింది.

ద్వారకానగర్‌లో ఫోన్లు బాగుచేసే ఒక చిన్న షాపు ఉంది. ఇయర్‌ఫోన్లు చూస్తారో లేదో అనుకుంటూనే వెళ్లాను. అక్కడి కుర్రాడు "ఏటైంది సార్?" అంటూ తీసుకుని, టిప్ ఊడదీసి, ఫోన్ బోర్డులు చూసే మైక్రోస్కోప్ కింద పెట్టాడు. నన్ను కూడా చూడమన్నాడు. నాజిల్ (టిప్ తొడిగే గొట్టం) మూతికి ఉండే సన్నటి జాలీ కన్నాల్లో సగానికి పైగా మిలమిల మెరుస్తున్నాయి.

"కన్నాల్లో నీటి పొర కట్టీసింది సార్. వానాకాలం ఫోన్ మైకులు గూడా ఇలాగే అయిపోతాయి. ఏసీలో ఉంటారా ఎక్కువ?"

ఉంటాను. రుషికొండ కొండ మీద ఆఫీసు, రోజంతా చల్లటి గది. ఈ ఇయర్‌ఫోన్ల ఒళ్లు గట్టి లోహం. చల్లబడిన లోహాన్ని సాయంత్రం సముద్రపు గాలిలోకి తీసుకొస్తే దాని మీద తేమ చెమ్మగిల్లుతుంది. దాన్నే చెవిలో పెట్టుకుంటే చెమట కూడా తోడవుతుంది, అలాగే జిప్ డబ్బాలో పెట్టి మూసేస్తే ఆరే దారి లేదు. జాలీ కన్నం ఎంత చిన్నదంటే ఒకసారి పట్టిన నీటి పొర దానంతటది తెగదు. లోపల డ్రైవర్ బాగానే పలుకుతుంది, శబ్దం బయటికి వచ్చే దారే ఉండదు.

బ్లోయర్‌తో వేడిగాలి కొడతావా అంటే ఆ అబ్బాయి ఒప్పుకోలేదు. "లోపలి పొర పల్చనండి, జిగురు గూడా కరిగిపోతాది. సిలికా జెల్ డబ్బాలో పడేసి రెండ్రోజులు ముట్టుకోకండి" అన్నాడు. పిన్నులకు పట్టిన చిలుము మాత్రం ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) అద్దిన దూదిపుల్లతో తుడిచాడు. డబ్బులు ఇవ్వబోతే వద్దన్నాడు, బలవంతాన యాభై రూపాయలు చేతిలో పెట్టాను. మూడో రోజు పొద్దున డబ్బా మూత తీసి తని పెట్టాను. తొప్పి ఉన్నది ఉన్నట్టు వచ్చింది.

కొన్న కొత్తలో దీని లోహపు ఒళ్లు నాకు తెగ నచ్చింది. ఒకసారి మెట్ల మీద నుంచి దొర్లినా గీత తప్ప ఏమీ కాలేదు, ఇప్పటికీ అది గట్టి సామానే. కానీ మన ఊరికి రెజిన్ (గట్టి ప్లాస్టిక్ లాంటిది) ఒళ్లు ఉన్నవి మేలేమో అనిపిస్తోంది, చల్లటి గదిలోంచి బయటికొస్తే అది లోహం కంటే తొందరగా మామూలు వేడికి వస్తుంది కదా. చెవికి తగిలే చోట రంగు కూడా పోవడం మొదలైంది. కేబుల్ మొదటి రోజు నుంచీ ముడతలు పడే రకం, ఆరు నెలలకు మార్చేశాను.

ఆ తర్వాత వాడకం మార్చుకున్నాను. ఆఫీసు నుంచి బయటికి వచ్చాక పది నిమిషాలు జేబులో ఉంచి, అవి మామూలు వేడికి వచ్చాకే చెవిలో పెట్టుకుంటున్నాను. రాత్రి టిప్స్ తీసి, పాత హార్లిక్స్ సీసాలో సిలికా జెల్ మీద పెడుతున్నాను. జెల్ నీలం నుంచి గులాబీకి తిరిగితే బాణలిలో సన్న సెగ మీద ఆరబెడితే సరిపోతుంది, ఆ బాణలిని మళ్లీ వంటకు వాడొద్దు. అంటించుకునే జాలీలు కూడా ఆన్‌లైన్‌లో ఒక ప్యాకెట్ కొని పెట్టుకున్నాను. నాజిల్ వెడల్పు కొలిచి కొనాలి, లేకపోతే పనికిరావు. మొన్న నవంబరు వానల్లో ఒకసారి ఎడమ పక్క మళ్లీ కొద్దిగా తగ్గింది, రాత్రి సీసాలో పెడితే పొద్దుటికి సర్దుకుంది.

ఇంట్లో కూర్చుని శాస్త్రీయ సంగీతం వినే అలవాటు, రాత్రి ఒక సీసాలో పెట్టే ఓపిక ఉన్నవాళ్లకి ఈ తరహావి గట్టిగానే చెబుతాను. నాకు మృదంగం వినే సుఖం ఉంది కాబట్టి ఈ తిప్పలు తిప్పలుగా అనిపించవు. బస్సులో నిలబడి, బీచ్ రోడ్డులో నడుస్తూ, చెమటలో వినేవాళ్లకి నా మాట మీద కొనమని చెప్పలేను. మా తమ్ముడు గాజువాక నుంచి రోజూ బండి మీద వచ్చి, జిమ్‌లో పాటలు వినే మనిషి. వీటిని విని ముచ్చటపడి నాకూ ఇలాంటివి చూడన్నయ్యా అన్నాడు. ఆ రెండు వేలవే మళ్లీ కొనుక్కోమన్నాను, తని వినాలనిపించినప్పుడు మా ఇంటికి రమ్మన్నాను.