వేల్స్ వలసదారు ఊరు వెతకాలంటే: సెన్సస్సా, పాత పత్రికా?

పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్ బొగ్గు గనులకు వేల్స్ నుంచి వచ్చిన ఒక జాన్ జోన్స్‌ని ఊహించుకోండి. అతని ఊరేదో తెలుసుకోవాలని చాలామంది ముందు తెరిచేది అమెరికా సెన్సస్, అంటే జనాభా లెక్కలు. తప్పేం లేదు. 1850 నుంచి ఇంటి యజమాని ఒక్కడివే కాక మిగతావాళ్ల పేర్లు, వయసులు, పుట్టిన చోటు కూడా రాశారు. 1900 సెన్సస్‌లో వలస వచ్చిన ఏడాది కూడా ఉంటుంది. ఆన్‌లైన్‌లో పేరు కొడితే చాలు.

చిక్కల్లా ఆ 'పుట్టిన చోటు' గడితోనే. అక్కడ మామూలుగా 'వేల్స్' అని ఒక్క ముక్క ఉంటుంది, అంతే! పైగా పక్క వీధిలో ఇంకో ఇద్దరు జాన్ జోన్సులు. మనకున్నన్ని ఇంటిపేర్లు వేల్స్ వాళ్లకు లేవు. ఒకప్పుడు తండ్రి పేరునే వెనక తగిలించుకునేవారు, తర్వాత అదే ఇంటిపేరుగా స్థిరపడింది. అందుకే ఎటు చూసినా జోన్సులు, డేవిస్‌లు, విలియమ్స్‌లే.

పత్రికల దారి నిదానం. 1851లో న్యూయార్క్‌లో మొదలైన 'అ డ్రిఖ్' వెల్ష్ భాషలో వచ్చేది. అందులో మరణవార్త దొరికిందా, పంట పండినట్టే: పుట్టిన ఊరు, వెళ్లిన చాపెల్ (ప్రార్థనా మందిరం) కూడా ఉండొచ్చు. భాష రాకపోతే చుక్కలు కనిపిస్తాయి కానీ, 'గెనెదిగోల్' అన్న మాట గుర్తుపెట్టుకోండి. 'ఫలానా చోట పుట్టినవాడు' అని అర్థం. ఊరి పేరు దాని వెనకే వస్తుంది.

నా ఓటు పత్రికకే. ఊరు తెలిశాక 1851 వేల్స్ సెన్సస్ తెరిస్తే, అందులో పుట్టిన పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) కూడా రాసి ఉంటుంది.